పది నిమిషాల జాలి

జాలిపడటం కూడా పాపమవుతుందా?

నాలుగేళ్ళుగా వరదయ్య మనసులో ఈ సందేహం నలుగుతూనే ఉంది. ఒకసారి గుళ్ళో ఆచార్యులవారిని అడిగాడు కూడా, అసలు సంగతి దాచి, ఎవరిదో కథ చెబుతున్నట్టు. ఆయన తులసిమాల కడుతూనే, "జాలి పాపమెందుకవుతుంది నాయనా, అది భగవంతుడి గుణం కదా" అన్నారు. వరదయ్య దండం పెట్టి వచ్చేశాడు. ఆ జవాబు తను పైకి అడిగిన మాటకు సరిపోయింది. దాచుకున్న సంగతికి సరిపోలేదు.

గుంటూరు శివార్లలో ఉన్న ఒక పరిశోధనాలయంలో అతను ఎలుకల గది చూసుకునేవాడు. పదో తరగతి చదువు, పద్దెనిమిదేళ్ళ నౌకరీ. తెల్లారి స్నానం చేసి, తిరునామం దిద్దుకుని, నరసింహస్వామి పటానికి ఇంత పొంగలి నైవేద్యం పెట్టి డ్యూటీకి వచ్చేవాడు. నీచు ముట్టని ఇంట్లో పుట్టి ఎలుకల్ని కోసేచోట ఉద్యోగమేమిటని బంధువులు ఎగతాళి చేసేవారు. "నేను కోసేవాణ్ణి కాదు, పెంచేవాణ్ణి" అనేవాడు. అందులో సగమే నిజమని అతనికీ తెలుసు. కోసేది వేరేవాళ్ళే అయినా, ఆ బల్లదాకా చేతుల్లో పెట్టుకుని తీసుకెళ్ళేది అతనే.

ఒకరోజు డాక్టర్ కల్పలత అతన్ని పిలిచి గాజుపళ్ళెంలో రెండు చిన్న ముద్దలు చూపించింది. ఆ ప్రయోగశాల ఆవిడదే. వరదయ్య వయసే ఉంటుంది.

"ఇది మగ ఎలుకది, ఇది ఆడ ఎలుకది. ఏది పెద్దదో చెప్పు వరదయ్యా."

"ఆడదాందేనమ్మా. ఏమిటివి?"

"అడ్రినల్ గ్రంథులు. మూత్రపిండం మీద టోపీలా కూర్చుని ఉంటాయి. పిల్లి కనబడగానే గుండె దడదడలాడించి, ఒంట్లో ఉన్న బలమంతా కాళ్ళలోకి పంపించేది ఇవే."

"మరి ఆడదానికి ఎందుకంత పెద్దదిచ్చాడమ్మా దేవుడు?"

"ఎందుకిచ్చాడో నువ్వే అడిగి చెప్పాలి. ఎలా ఇచ్చాడో నేను చెబుతాను. ఈస్ట్రోజెన్ అని ఆడవాళ్ళ ఒంట్లో ఊరే రసం ఉంది చూశావా, అది ఈ గ్రంథిని ఊరుకోనివ్వదు. మూడో వరుస బోనుల్లో ఎలుకలకి అండాశయాలు తీసేశామా? వాటి గ్రంథులు చిక్కిపోయాయి. నాలుగో వరుసలో వాటికి తీసేసి, ఈస్ట్రోజెన్ సూదులు వేశాం. వాటివి మళ్ళీ బలిశాయి."

"అంటే ఆ రసం కొరడా పట్టుకుని తోలుతోందన్నమాట."

కల్పలత నవ్వింది. "నేను ఇరవై పేజీలు రాశాను. నువ్వు ఒక్క ముక్కలో తేల్చేశావు."

ఆవిడ కనిపెట్టింది ఆ కొరడాకు అడ్డుపడే మందు. మెంతిగింజంత బిళ్ళ. చర్మం కిందపెట్టి కుట్టేస్తే చాలు, ఈస్ట్రోజెన్ తనపని తాను చేసుకుపోతుంది గానీ అడ్రినల్ గ్రంథి జోలికి పోలేదు. నెలలో కొన్నిరోజులు కారణం లేకుండా గుండె కొట్టుకుని, చెమటలు పట్టి, చచ్చిపోతున్నామని భయపడే ఆడవాళ్ళు ఎందరో ఉన్నారని, వాళ్ళకోసమే ఇదంతా అని ఆవిడ చెప్పేది. ఆ బిళ్ళకు కాగితాల మీద ఏదో అంకెల పేరుంది. వరదయ్య మెంతిగింజ అనేవాడు. చివరికి అందరూ అదే అన్నారు.

బిళ్ళ పెట్టిన ఎలుకలు నెమ్మదిగానే ఉన్నాయి. కానీ అది చాలదంది కల్పలత. "ఊరికే ఉన్నప్పుడు గ్రంథి పడుకోవాలి. నిజంగా ఆపదొస్తే లేవాలి. లేవకపోతే నేను చేసింది మందు కాదు, విషం."

అందుకు ఒక పరీక్ష ఉంది. ఎలుకను కదలడానికి వీల్లేని గాజుగొట్టంలో పెట్టి, ముప్పై నిమిషాలు అలాగే ఉంచి, ఆ వెంటనే తోక చివర రెండు చుక్కల రక్తం తీయాలి. గ్రంథి ఎంత రసం వదిలిందో ఆ రక్తంలో తెలుస్తుంది. కొత్తచేయి తగిలితే ఎలుకలు అదో రకంగా బెదిరి లెక్కలు పాడవుతాయని, ఆ గదిలోకి వరదయ్య తప్ప ఎవరూ వెళ్ళకూడదని నియమం. తలుపు వేసుకుని, గోడ గడియారం చూసుకుంటూ, అతనే పెట్టాలి, అతనే తీయాలి, అతనే రిజిస్టరులో రాయాలి.

మొదటిరోజు ముప్పై నిమిషాలూ ఉంచాడు. గొట్టానికున్న చిల్లుల్లోంచి ఎలుక మీసాలు బయటికొచ్చి వణుకుతున్నాయి. కీచుమని ఆగి, మళ్ళీ కీచుమంటోంది. బయటికి తీసేసరికి తన మూత్రంలో తానే తడిసి ముద్దయి ఉంది. రోజూ అతని అరచేతిలో నిద్రపోయే ఎలుక, ఆరోజు చేయి తగిలితే ముడుచుకుపోయింది.

ఆ మధ్యాహ్నం వరదయ్య అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

మర్నాటినుంచి పది నిమిషాలకే తీసేశాడు. ఆ పది నిమిషాలూ గొట్టం మీద కండువా కప్పి, దానిమీద అరచేయి ఆన్చి, నారాయణ నామం చెప్పుకుంటూ కూర్చునేవాడు. మిగిలిన ఇరవై నిమిషాలు ఎలుకను ఒళ్ళో పెట్టుకుని నిమిరి, అప్పుడు రక్తం తీసేవాడు. రిజిస్టరులో 'ముప్పై నిమిషాలు' అని గుండ్రంగా రాసేవాడు. పదైతేనేం, ముప్పై అయితేనేం, భయం భయమే కదా అనుకున్నాడు. బిళ్ళ ఉన్నవాటికీ లేనివాటికీ తేడా చూపించలేదు. అన్నిటి మీదా సమానంగానే జాలిపడ్డాడు.

రెండు నెలల తరవాత కల్పలత కాగితాలు పట్టుకుని ఎలుకల గదికే వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"రెండూ సమానంగా లేచాయి వరదయ్యా! బిళ్ళ ఉన్నవీ, లేనివీ. గ్రంథి పడుకుంది, పిలిస్తే లేచింది. ఇంకేం కావాలి? వేరేచోట్ల ఎలుకలు దీనికి రెండింతలు ఎగిరిపడతాయట. మనవి మరీ సాధువులు. నీ చేతిచలవ."

వరదయ్య తల దించుకున్నాడు. అణకువ అనుకుందావిడ.

ఇంట్లో అతని భార్య ఆండాళ్ళుకు అప్పటికి మూడేళ్ళుగా అదే జబ్బు. నెలలో పదిరోజులు మనిషి మనిషిలా ఉండేది కాదు. కుక్కరు కూత వేస్తే గోడకు ఆనుకుని కూలబడిపోయేది. బస్సెక్కి సగం దారిలో దిగిపోయేది. గుండె పరీక్షలు మూడుసార్లు చేశారు. "గుండె భేషుగ్గా ఉందమ్మా" అన్నాడు డాక్టరు. "అయితే అది నాది కాదేమోనండీ, ఇంకెవరిదో పరీక్ష చేసినట్టున్నారు" అంది ఆండాళ్ళు. నవ్వించే మనిషి. నవ్విస్తూనే చీరకొంగుతో మెడమీద చెమట తుడుచుకునేది. కూతురు కోమలి అప్పుడు తొమ్మిదో తరగతి. బడినుంచి రాగానే ముందు అమ్మ చెయ్యి పట్టుకుని నాడి చూసేది, డాక్టరమ్మలాగా.

ఎనిమిదిమంది ఆడవాళ్ళకు బిళ్ళ పెట్టి చూడటానికి అనుమతి వచ్చిందని తెలిసినరోజున వరదయ్య కల్పలత గది ముందు నిలబడ్డాడు.

"మా ఆవిణ్ణి కూడా చేర్చుకోండమ్మా."

"సొంత మనుషుల్ని చేర్చుకోకూడదు వరదయ్యా. బాగుండదు."

"మీకు సొంతం కాదు కదమ్మా. నాకు కదా. ఎలుకల్ని నేను చూశాను. హాయిగా ఉన్నాయి. నా కళ్ళతో చూసినదాన్ని నమ్మి అడుగుతున్నాను."

ఆవిడ చాలాసేపు పెన్ను తిప్పుతూ కూర్చుని, ఆఖరికి పేరు రాసుకుంది.

నాలుగురోజులు వార్డులో ఉంచి, భుజం కింద చిన్న గాటుపెట్టి బిళ్ళ అమర్చారు. నెల తిరక్కుండానే ఆండాళ్ళు మారిపోయింది. కోమలిని తీసుకుని ఒక్కతే మంగళగిరి వెళ్ళి పానకం పట్టుకొచ్చింది. కుక్కరు కూత వేస్తే, "ఊరుకోవే, వస్తున్నా" అని దానితోనే మాట్లాడింది. ఒక సాయంత్రం వరండాలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "ఏమండీ, నా గుండె చప్పుడు నాకు వినబడటం లేదండీ. ఎంత హాయిగా ఉందో" అంది. ఎలుకలకు పెట్టే శనగల్లోంచి ఆరోజు వరదయ్య ఒక్కోదానికి నాలుగు ఎక్కువే పెట్టాడు.

ఎనిమిది నెలలు.

శ్రావణమాసంలో ఊరంతా జ్వరాలు. కోమలికి వచ్చింది, తగ్గింది. వరదయ్యకు వచ్చింది, తగ్గింది. ఆండాళ్ళుకు మూడోదిగా వచ్చింది. రెండోరోజు పొద్దున మంచం మీంచి లేవబోయి లేవలేకపోయింది. వాంతులు. ఒళ్ళు చల్లబడిపోతోంది. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు, రక్తపోటు పెంచే మందులిచ్చారు. పోటు నిలవలేదు. ఇలాంటి జ్వరానికి ఇలా అయిపోవడమేమిటని ఆ డాక్టర్లే ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

వరదయ్య ఆమె అరికాళ్ళు రుద్దుతూ కూర్చున్నాడు. ఆమె మొహంలో కంగారు లేదు. అదే అతన్ని భయపెట్టింది.

"నువ్వేం భయపడకు" అన్నాడు.

"భయంగా ఏం లేదండీ" అంది ఆండాళ్ళు. "భయంగా ఉంటే బాగుండేదేమో. కొంచెం కూడా లేదు."

మూడోరోజు మధ్యాహ్నం పోయింది.

పదకొండోరోజున కల్పలత ఇంటికొచ్చింది. చాపమీద కూర్చుని, తనలో తాను అనుకుంటున్నట్టుగా, "గ్రంథి లేవలేదేమో అని నాకు అనుమానం వరదయ్యా. కానీ మన ఎలుకలు లేచాయే. ముప్పై నిమిషాల్లో చక్కగా లేచాయి కదా" అంది.

వరదయ్య నోరు తెరిచాడు. లోపలి గదిలో కోమలి అమ్మ చీరలు మడతపెడుతోంది. ఆ పిల్ల వినేలా ఆ మాట అనలేకపోయాడు. తెరిచిన నోటితో, "మంచినీళ్ళు తెమ్మంటారా అమ్మా" అన్నాడు.

చావు జ్వరం ఖాతాలోకి పోయింది. కొత్తవాళ్ళకు బిళ్ళ పెట్టడం మాత్రం కల్పలత ఆపేసింది. మిగిలిన ఏడుగురికీ బిళ్ళచుట్టూ కండ పెరిగింది, వాళ్ళు బాగానే ఉన్నారు, కదపడమెందుకన్నారు పరిశోధనాలయం పెద్దలు. ఏటా ఒకసారి వచ్చి చూపించుకుని వెళ్ళేవారు. ఒకరిద్దరు చిన్న జ్వరానికే నెలరోజులు మంచం పట్టారని విన్నప్పుడు వరదయ్య ఆ పాత రిజిస్టరు వైపు చూసేవాడు కాదు. అదేదో నాకు తెలియని వైద్యం అని సర్దిచెప్పుకునేవాడు. సర్దుకునేది కాదు.

నాలుగో ఏడు ఒక బుధవారం పొద్దున, కల్పలత ఫోను పెట్టేసి మామూలుగా అంది: "మన సువార్తమ్మకి గర్భసంచి తీస్తున్నారట. రేపు, రేపల్లెలో. పాపం, ఆమెకు అన్నీ కష్టాలే."

వార్డులో ఆండాళ్ళు పక్కమంచం మనిషి సువార్తమ్మ, ఆ ఏడుగురిలో ఒకరు. హాస్టల్లో వంటచేస్తుంది.

కడుపు కోస్తే శరీరానికి అది పెద్ద ఆపదే. ఆపదొస్తే గ్రంథి లేవాలి. అంతమాత్రం వరదయ్యకు తెలుసు. చేతిలో ఉన్న పొట్టు గంప కిందపెట్టాడు.

"అమ్మా, ఆపించండి."

"ఏమిటి?"

"ఆపరేషను. నేను... గొట్టంలో ముప్పై నిమిషాలు ఉంచలేదమ్మా. పదే ఉంచాను. చెయ్యి ఆన్చి ఉంచాను. మిగతాసేపు ఒళ్ళో పెట్టుకున్నాను."

"ఏ ఎలుకని?"

"అన్నిటినీ."

కల్పలత కుర్చీ వెతుక్కుని కూర్చుంది. ఎలుకలు బోనుల్లో పొట్టు గీరుకుంటున్న చప్పుడు వినబడుతోంది.

"పరిగెత్తించకుండా నడిపించావన్నమాట" అంది మెల్లగా. "నడకలో బాగున్నవాళ్ళూ మోకాళ్ళు పోయినవాళ్ళూ పక్కపక్కనే పోతారు. పరిగెత్తిస్తే కదా తెలిసేది... వరదయ్యా, ఆ ఫలితాల కాగితం మీద నా సంతకం ఉంది."

"తిట్టండమ్మా."

"మిగతాచోట్ల ఎలుకలు రెండింతలు లేస్తున్నాయని నాకు తెలుసు. ఎందుకని అడగలేదు. మనవి సాధువులని మురిసిపోయాను." ఆవిడ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. "ఆండాళ్ళుని చేర్చుకోమని నువ్వడిగినప్పుడు, నీకు ఇది తెలిసే అడిగావా?"

"హాయిగా ఉన్నాయనుకున్నానమ్మా. నా ఒళ్ళో హాయిగానే ఉన్నాయి."

కల్పలత మొహం చేతుల్లో దాచుకుంది. మళ్ళీ తల ఎత్తేసరికి ఫోను అందుకుంది. రేపల్లె డాక్టరు ఆపరేషన్లో ఉన్నాడన్నారు. నర్సుకు చెప్పింది. చెప్పి, అది చాలదన్నట్టు కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టింది. "ఫోన్లో చెప్పిన మాట ఎక్కడో జారిపోతుంది. ఈ చీటీ ఆ డాక్టరు చేతికే ఇవ్వు. ఆమె ఒళ్ళు సొంతంగా లేవలేదు, ఆపరేషనుకు ముందూ తరవాతా గ్రంథికి బదులు స్టిరాయిడ్ సూదులివ్వాలని రాశాను. మిగిలిన ఆరుగురికీ నేను ఫోన్లు చేస్తాను. వెళ్ళు."

బట్టల సంచికోసం ఇంటికి వెళితే కోమలి ఉంది. డిగ్రీ పరీక్షలకు చదువుకుంటోంది. దాటిపోదామనుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చి, నిలబడే అంతా చెప్పాడు. ఆ పిల్ల పుస్తకం మూయకుండా, తల ఎత్తకుండా వింది. పేజీ అంచు వేళ్ళమధ్య నలిగి నలిగి చిరిగింది.

"కోమలీ..."

"ఇప్పుడు నాతో ఏం మాట్లాడకు నాన్నా" అంది. "ముందు రైలెక్కు."

తెనాలిలో రైలు మారి, మూడున్నరకు రేపల్లె చేరాడు. డాక్టరు చీటీ రెండుసార్లు చదివి, కల్పలతతో ఫోన్లో మాట్లాడి, ఆపరేషను ఒకరోజు వెనక్కి జరిపాడు. ఆ సాయంత్రమే సువార్తమ్మకు మొదటి సూది వేశారు.

ఎందుకు వేస్తున్నారో చెప్పే పని వరదయ్య తనమీదే పెట్టుకున్నాడు. మంచం పక్క స్టూలు మీద కూర్చుని చెప్పాడు. ఆమె ముందు వేళాకోళమాడింది. "ఎలుకలకి జోలపాడావా అన్నయ్యా? బాగుంది!" తరవాత నవ్వు ఆగిపోయింది.

"అయితే ఆండాళ్ళు..."

"అవునమ్మా."

సువార్తమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. అతను లేచి వరండాలో బెంచీమీద కూర్చున్నాడు. మర్నాడంతా అక్కడే ఉన్నాడు. నర్సులు అతన్ని ఆమె అన్నగారే అనుకున్నారు.

శుక్రవారం పొద్దున ఆపరేషను జరిగింది. మధ్యలో రక్తపోటు ఒక్కసారిగా పడిపోయిందట. మందు చేతిలో సిద్ధంగా ఉండబట్టి నిమిషాల్లో లేచిందని డాక్టరు బయటికొచ్చి చెప్పాడు. "మామూలు కేసే అనుకుని కోసుంటే ఏమయ్యేదో చెప్పలేను" అన్నాడు. వరదయ్యకు నరసింహస్వామి పేరు నోటిదాకా వచ్చింది. దండం పెట్టడానికి చేతులు లేవలేదు. ఆ చేతుల్నే చూసుకుంటూ నిలబడ్డాడు. ఈమెకు సిద్ధంగా ఉన్న మందు ఆండాళ్ళుకు లేదు. తను చెప్పలేదు కనక లేదు.

ఆదివారం సాయంత్రానికి సువార్తమ్మ దిండుకు ఆనుకుని కూర్చోగలిగింది. గుమ్మంవైపు చూసి పిలిచింది.

"ఇంకా వెళ్ళలేదా అన్నయ్యా?"

"వెళతానమ్మా. నువ్వు ఒక్కమాట అంటే..."

"క్షమించాననా? అది నాచేత అనిపించుకోకు. నా ప్రాణం నాకుంది, నేనెవరిని అనడానికి? అనాల్సిన మనిషి లేదు." దుప్పటి అంచు సర్దుకుంది. "రాత్రిళ్ళు ప్రార్థనలో నీ పేరు కూడా అనుకుంటాలే. అంతే నేను చేయగలిగింది."

అతను తల ఊపాడు. ఆమె గొంతు మార్చి అంది:

"అదలా ఉంచు. మీ ఆవిడ నాకు నూనె బాకీ. తెలుసా?"

"నూనా?"

"వార్డులో శుక్రవారం వచ్చింది. దీపం పెట్టుకోకపోతే అన్నం సహించదంది. నూనె ఎక్కడిది? నా తలకు రాసుకునే కొబ్బరినూనె సీసా ఉంటే, రెండు మూతలు పోశాను. 'మీ దేవుడికి నా తలనూనా వదినా' అంటే, 'ఎవరి నూనైతేనేం, వెలిగితే చాలు' అంది. కిటికీలో గ్లాసు మూతలో పెట్టి వెలిగించింది. 'ఇంటికెళ్ళగానే పంపిస్తా, తీర్చకపోతే అరువు నూనె దీపం పుణ్యం నాకు దక్కదు' అంది." సువార్తమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఎక్కడ పంపించిందీ!"

వరదయ్య లేచాడు. ఆసుపత్రి గేటు ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకి వెళ్ళి కొబ్బరినూనె సీసా కొన్నాడు. తిరిగొచ్చేసరికి ఆమె మందుల బల్లమీంచి ఖాళీ సీసా ఒకటి తీసి ఒళ్ళో పెట్టుకుని ఉంది.

సీల్ తీసి, మూతలోకి నూనె వంచాడు. రెండు బొట్లు దుప్పటి మీద పడ్డాయి. ఒక మూత పోశాడు. రెండో మూత పోశాడు. మూడోది నింపుతుంటే సువార్తమ్మ తన సీసామీద అరచేయి మూసింది.

"రెండే ఇచ్చాను అన్నయ్యా. ఎక్కువ పోస్తే ఈసారి నేను బాకీపడతాను. బాకీ తీరింది, ఆ దీపం ఇక ఆండాళ్ళుదే."

వరదయ్య మూతలోని నూనెను ఒక్క చుక్క పోకుండా తిరిగి సీసాలోకి వంచి, మూత బిగించాడు.